అలాస్కాలో ఏ నేషనల్ పార్కు? రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో ముందు చూసుకోండి

అలాస్కా వెళ్తున్నాం, వారం సెలవు దొరికింది, ఏ పార్కుకి వెళ్ళమంటారు అని అడిగేవాళ్ళని ముందు నేనే ఒక ప్రశ్న అడుగుతాను. మబ్బులు కమ్మి రెండు రోజులు చిన్న విమానాలు ఎగరకపోతే మీ పరిస్థితి ఏంటి? "అమ్మో, సోమవారం ఆఫీసు, పిల్లలకి స్కూలు" అనేవాళ్ళకి చెప్పే పార్కులు వేరు, "ఏముంది, టెంట్‌లో పడుకుని పేకాడుకుంటాం" అనేవాళ్ళకి చెప్పేవి వేరు. ఫోటోలు చూసి మాత్రం ఎంచుకోకండి. ఫోటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి, అదే కొండ, అదే మంచు, అదే ఎలుగుబంటి. తేడా అంతా అక్కడికి ఎలా చేరతాం, మళ్ళీ ఎలా బయటపడతాం అన్నదాంట్లోనే ఉంది.

అలాస్కాలో 8 నేషనల్ పార్కులున్నాయి. కారులో చేరగలిగేవి మూడే: డెనాలి, రాంగెల్-సెయింట్ ఇలియాస్, కీనై ఫియోర్డ్స్. మిగతా వాటికి విమానమో పడవో ఎక్కాల్సిందే. ఇంకో తమాషా, ఈ ఎనిమిదింటిలో గేటు ఫీజు తీసుకునేది డెనాలి ఒక్కటే, మనిషికి 15 డాలర్లు, అదీ 16 ఏళ్ళు నిండినవాళ్ళకే. కాబట్టి ఎంట్రీ ఫ్రీ అని చూసి సంబరపడకండి, గేటు దగ్గర పైసా అడగని పార్కులే మన క్రెడిట్ కార్డుని పిండేస్తాయి.

విజిటర్ సెంటర్ గురించి కూడా ముందే చెప్పేస్తాను. యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్ళొచ్చిన అలవాటుతో మనం ఏమనుకుంటామంటే, లోపలికి వెళ్ళగానే పెద్ద బిల్డింగు ఉంటుంది, బాత్రూమ్‌కి వెళ్ళి, మ్యాప్ తీసుకుని, పార్కుల పుస్తకంలో స్టాంపు కొట్టించుకుని, అక్కడి నుంచి చూడటం మొదలుపెట్టొచ్చు అని. ఇక్కడ చాలా పార్కులకి విజిటర్ సెంటర్ ఒక చోట, పార్కులో మనం చూడాలనుకున్నది ఇంకో చోట. రాంగెల్ పార్కు ముఖ్యమైన విజిటర్ సెంటర్ కాపర్ సెంటర్ అనే ఊరి దగ్గర హైవే పక్కన ఉంటుంది, అక్కడి నుంచి కెన్నికాట్ అనే పాత రాగి గనులకి ఇంకా దాదాపు 120 మైళ్ళు పోవాలి. కాట్‌మై పార్కుది కింగ్ సామన్ అనే ఊరి ఎయిర్‌పోర్టు పక్కన, అక్కడ దిగాక ఇంకో విమానం ఎక్కితే గానీ ఎలుగుబంట్లు కనపడవు. గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్‌కి బెట్టిల్స్‌లో ఒకటి, కోల్డ్‌ఫుట్‌లో ఒకటి ఉన్నాయి, రెండూ పార్కు బయటే. అందుకని ఇక్కడ విజిటర్ సెంటర్‌ని చూడాల్సిన చోటు అనుకోకండి, టికెట్లు కొనకముందే ఫోన్ చేయాల్సిన చోటు అనుకోండి. ఫోన్ ఎత్తే రేంజర్లు ఓపిగ్గా మాట్లాడతారు, వేసవిలో కూడా. ఆంకరేజ్‌లో, ఫెయిర్‌బ్యాంక్స్‌లో ప్రభుత్వ భూముల సమాచార కేంద్రాలున్నాయి, రెండూ ఉచితమే, విమానం దిగిన రోజు మధ్యాహ్నం ఒక గంట అక్కడ కూర్చుంటే నెల రోజులు నెట్‌లో వెతికినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

డెనాలి: అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఉన్నారు, మోకాళ్ళ నొప్పులున్నాయి, పిల్లలు చిన్నవాళ్ళు అంటే ఇంక ఆలోచించకండి, డెనాలికే వెళ్ళండి. ఆంకరేజ్ నుంచి సుమారు 240 మైళ్ళు, ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి 120. మంచి తారు రోడ్డు, కావాలంటే రైలు కూడా ఉంది. పార్కు లోపల ఉన్నది ఒకే రోడ్డు, మొత్తం పొడవు 92 మైళ్ళు, సొంత కారుని 15వ మైలు దగ్గరున్న సావేజ్ నది వరకే రానిస్తారు, ఆపైన బస్సే. ఈ బస్సు పద్ధతి చూసి చాలామంది మొహం చిట్లిస్తారు కానీ నాకైతే అదే నచ్చింది. డ్రైవింగ్ గొడవ లేదు, అందరూ కిటికీలకి అతుక్కుపోయి చూస్తుంటారు, ఎవరో ఒకరు "ఆపండి" అని అరుస్తారు, బస్సు ఆగుతుంది, దూరంగా కొండ వాలు మీద కారిబూల మంద, అంటే పెద్ద కొమ్ముల జింకలు. మా మామగారు ఐదు గంటల ప్రయాణంలో ఒక్కసారి కూడా కునుకు తీయలేదు, ఆయన సంగతి తెలిసినవాళ్ళకి అదే పెద్ద వింత.

అయితే రెండు సంగతులు తెలుసుకుని వెళ్ళండి. ఒకటి, ప్రెట్టీ రాక్స్ అనే చోట కొండచరియ జారిపోతూ ఉండటంతో 2021 ఆగస్టులో రోడ్డుని 43వ మైలు దగ్గర మూసేశారు, దాని మీదుగా వంతెన కడుతున్నారు. పాత బ్లాగుల్లో తెగ మెచ్చుకునే ఐల్సన్ విజిటర్ సెంటర్ 66వ మైలు దగ్గర ఉంది, అంటే మూసేసిన చోటుకి అవతల. మీరు వెళ్ళే ఏడాది బస్సులు ఎంతవరకు వెళ్తున్నాయో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే టికెట్ కొనండి. రెండోది డెనాలి కొండ. 20,310 అడుగుల ఎత్తు, ఉత్తర అమెరికా మొత్తంలో ఎత్తైనది, అయినా వచ్చిన వాళ్ళలో దాన్ని కళ్ళారా చూసేది మూడో వంతు మందే అంటారు. మబ్బు చాటున దాక్కుంటుంది. 2025లో అమెరికా ప్రభుత్వం కొండ పేరుని మళ్ళీ మెకిన్లీ అని మార్చింది, పార్కు పేరు మాత్రం డెనాలిగానే ఉంది, మ్యాపులో రెండు పేర్లు కనపడితే తికమక పడకండి.

బస్సుల్లో రెండు రకాలు. ఒకటి గైడు మాట్లాడుతూ తీసుకెళ్ళేది, రెండోది మామూలు ట్రాన్సిట్ బస్సు, దాంట్లో ఎక్కడ కావాలంటే అక్కడ దిగి కాసేపు నడిచి, వెనకొచ్చే బస్సులో సీటుంటే ఎక్కొచ్చు. డబ్బు ఆదా కోసమే కాకపోయినా నేను ట్రాన్సిట్ బస్సుకే ఓటేస్తాను, దాని డ్రైవర్లు కూడా చాలామంది వద్దన్నా కబుర్లు చెబుతూనే ఉంటారు. తిండి, నీళ్ళు మీరే తీసుకెళ్ళాలి, లోపల ఏమీ అమ్మరు. మధ్యలో ఆపే చోట్ల టాయిలెట్లు ఉంటాయి. ఇక్కడి విజిటర్ సెంటర్ మాత్రం నిజంగా పార్కులోనే ఉంది, ముందు భాగంలోనే, సుమారుగా మే మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య వరకు తెరుస్తారు. అక్కడి నుంచి ఉచిత బస్సులో స్లెడ్జి కుక్కల కెన్నెల్స్‌కి వెళ్ళండి. చలికాలంలో రేంజర్లు ఇప్పటికీ ఈ కుక్కల బండ్ల మీదే తిరుగుతారు. పిల్లలు ఎలుగుబంటిని మర్చిపోయినా ఈ కుక్కల్ని మర్చిపోరు.

రాంగెల్-సెయింట్ ఇలియాస్: కారుతోనే దూరం పోవాలనుకునేవాళ్ళకి

నన్నడిగితే నా ఓటు దీనికే, ముందే చెప్పేస్తున్నా, కాబట్టి ఇక్కడి నుంచి నా మాటల్ని కాస్త తగ్గించి తీసుకోండి. అమెరికాలో అన్నిటికన్నా పెద్ద నేషనల్ పార్కు ఇదే, దాన్ని ఆనుకుని ఉన్న ప్రిజర్వ్ అనే రక్షిత ప్రాంతంతో కలిపి 1.32 కోట్ల ఎకరాలు. ఇంకోలా చెప్పాలంటే తెలంగాణలో దాదాపు సగం. అంత పార్కుకి లోపలికి వెళ్ళే రోడ్లు రెండే, రెండూ మట్టీ కంకరే. ఉత్తరాన నబెస్నా రోడ్డు 42 మైళ్ళు, దక్షిణాన చిటినా నుంచి మెకార్తీ రోడ్డు 60 మైళ్ళు. అందరూ వెళ్ళేది రెండోదానికి.

ఈ మెకార్తీ రోడ్డు ఒకప్పటి రాగి గనుల రైలు కట్ట. రైలు పోయింది, పట్టాలు పీకేశారు, కట్ట మీద కంకర పోసి రోడ్డన్నారు. పాత రైలు మేకులు ఇప్పటికీ అప్పుడప్పుడు మట్టిలోంచి పైకి తేలుతుంటాయి, టైర్లలో దిగుతుంటాయి. మాకు 40వ మైలు దాటాక ముందు టైరు పోయింది. స్టెప్నీ ఉంది కానీ అందులో గాలి సరిగ్గా లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు, వెనకాల వచ్చిన పికప్ ఆయన పంపు ఇస్తే బతికిపోయాం. తప్పు ఎవరిదో కాదు, బయల్దేరే ముందు స్టెప్నీ నొక్కి చూసుకోని నాదే. 60 మైళ్ళే కదా, గంటలో వెళ్ళిపోతాం అనుకోకండి, ఎంత లేదన్నా రెండు గంటలు, ఆగి ఆగి చూసుకుంటూ వెళ్తే మూడు. మధ్యలో పెట్రోలు బంకు లేదు. 17వ మైలు దగ్గర కుస్కులానా నది మీద 1910లో కట్టిన రైలు వంతెన ఉంది, 238 అడుగుల ఎత్తున, ఒక్క కారు పట్టేంత వెడల్పు. ఎత్తంటే భయపడేవాళ్ళు పక్క సీట్లో ఉంటే ముందుగా చెప్పకండి, చెప్పినా చెప్పకపోయినా మిమ్మల్నే తిడతారు.

రోడ్డు కెన్నికాట్ నది ఒడ్డున ఆగిపోతుంది. అక్కడ కారు పెట్టేసి, సామాను మోసుకుంటూ కాలి వంతెన మీద నది దాటాలి. అవతల మెకార్తీ ఊరు నడిచిపోయేంత దూరంలోనే ఉంటుంది, అక్కడి నుంచి గనుల ఊరు కెన్నికాట్ ఇంకో ఐదు మైళ్ళు, వ్యాన్లు తిరుగుతుంటాయి. పేరులో చిన్న తిరకాసు ఉంది, అక్కడి గ్లేసియర్‌కీ (మంచు నది) మామూలు నదికీ ఉన్న పేరుని గనుల కంపెనీవాళ్ళు రాసుకునేటప్పుడు ఒక అక్షరం తప్పు రాసుకున్నారట, అందుకే ఇంగ్లీషులో ఇప్పటికీ గనులకి ఒక స్పెల్లింగు, నదికి ఒక స్పెల్లింగు. 1911 నుంచి 1938 దాకా సుమారు 20 కోట్ల డాలర్ల రాగి తవ్వి పంపేసి, ఖనిజం అయిపోగానే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. ఎర్ర రంగు వేసిన 14 అంతస్తుల మిల్లు కొండ వాలు మీద మెట్లు మెట్లుగా ఇంకా నిలబడే ఉంది. అక్కడి నుంచి రెండు మైళ్ళు నడిస్తే రూట్ గ్లేసియర్ అంచు వస్తుంది. మంచు మీద నడవాలంటే మాత్రం క్రాంపాన్లు (బూట్లకి తగిలించే ఇనుప ముళ్ళు) వేసుకుని గైడుతోనే వెళ్ళండి.

దీన్ని డెనాలితో పోలిస్తే ఎలా ఉంటుందంటే, డెనాలిలో జంతువులు ఎక్కువ కనిపిస్తాయి, ఇక్కడ తక్కువ, రోజంతా తిరిగినా ఒక్క మూస్ (పెద్ద దుప్పి లాంటిది) కూడా కనపడకపోవచ్చు. కానీ డెనాలిలో మనం బస్సులో కూర్చుని అడవిని చూస్తాం, ఇక్కడ అడవిలో మనమే ఉంటాం. అక్కడ టైము ప్రకారం నడవాలి, ఇక్కడ మన ఇష్టం. ఒక్క రోజులో వెళ్ళొచ్చేద్దాం అనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఆంకరేజ్ నుంచి కాపర్ సెంటర్‌కే నాలుగు గంటలు పడుతుంది, గనుల ఊరికి చేరేసరికి ఎనిమిది. కనీసం రెండు రాత్రులు అక్కడ ఉండలేకపోతే వేరే పార్కు చూసుకోవడమే మంచిది.

అన్నట్టు, అద్దె కారు కాగితాలు చదవండి. చాలా కంపెనీలు కంకర రోడ్ల మీద నడపకూడదని రాస్తాయి, అక్కడ ఏం జరిగినా ఇన్సూరెన్స్ వర్తించదు. కంకర రోడ్లకి ఒప్పుకునే కార్లు విడిగా దొరుకుతాయి, అద్దె ఎక్కువ, ముందుగా అయిపోతాయి. లేదంటే చిటినా దాకా కారులో వెళ్ళి అక్కడి నుంచి చిన్న విమానం ఎక్కొచ్చు.

ఎలుగుబంట్ల కోసం: కాట్‌మైనా, లేక్ క్లార్కా?

చిన్న జలపాతం, దాని అంచున ఎలుగుబంటి, నోట్లోకి ఎగిరి పడుతున్న సాల్మన్ చేప. ఆ ఫోటో అందరూ చూసే ఉంటారు. అది కాట్‌మైలోని బ్రూక్స్ ఫాల్స్. గోదారిలో పులస ఏటికి ఎదురీదినట్టే ఇక్కడ సాకై సాల్మన్ సముద్రంలోంచి నదిలోకి ఎదురీదుకుంటూ వస్తుంది, పులస కోసం మనవాళ్ళు కాచుకుని కూర్చున్నట్టే ఎలుగుబంట్లూ కూర్చుంటాయి. జలపాతం దగ్గర జూలైలో ఎక్కువగా ఉంటాయి. ఆగస్టులో పలచబడి, సెప్టెంబర్‌లో గుడ్లు పెట్టి నీరసించిన చేపల కోసం నది కింది భాగానికి మళ్ళీ వస్తాయి, అప్పటికి బాగా ఒళ్ళు చేసి ఉంటాయి. జలపాతం ఫోటోనే కావాలంటే జూలై, లావాటి ఎలుగుబంట్లు కావాలంటే సెప్టెంబర్. ఆగస్టుకి టికెట్టు కొని, జలపాతం దగ్గర ఏమీ లేవని తిట్టుకోవడం అనవసరం.

వెళ్ళడం ఎలాగంటే, ఆంకరేజ్ నుంచి కింగ్ సామన్‌కి ఒక విమానం, అక్కడి నుంచి నీళ్ళ మీద దిగే చిన్న ఫ్లోట్ ప్లేన్‌లో బ్రూక్స్ క్యాంప్‌కి. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేసే ట్రిప్పుకే మనిషికి వెయ్యి డాలర్లు దాటుతుంది. నలుగురున్న ఇంట్లో లెక్క మీరే వేసుకోండి. దిగగానే అందరినీ, మీరు ఎంత పెద్దవాళ్ళయినా, నిరుడే వచ్చి ఉన్నా సరే, విజిటర్ సెంటర్‌లో కూర్చోబెట్టి ఎలుగుబంటి పాఠం చెబుతారు. ఎలుగుబంటికి 50 గజాల దూరంలో ఉండాలి, పరుగెత్తకూడదు, దారిలో మాట్లాడుతూ నడవాలి, మంచినీళ్ళు తప్ప తినేదీ తాగేదీ ఏదీ దారిలోకి తేకూడదు. పులిహోర డబ్బా అయినా, బబుల్‌గమ్ అయినా ఒకటే రూలు, తిండంతా దానికని కేటాయించిన చోట పెట్టి వెళ్ళాలి. విజిటర్ సెంటర్ అంటే నాకు నిజంగా గౌరవం కలిగింది అక్కడే, ఎందుకంటే బయటికి వచ్చిన పది నిమిషాలకే ఆ పాఠం పనికొచ్చింది.

క్యాంప్ నుంచి జలపాతానికి 1.2 మైళ్ళ నడక. జలపాతం దగ్గర చెక్క ప్లాట్‌ఫారం మీదికి ఒకసారికి 40 మందినే రానిస్తారు, జూలైలో పేరు రాయించుకుని వంతు కోసం ఎదురుచూడాలి, జనం ఎక్కువైతే గంట కాగానే దిగమంటారు. వన్యప్రాణులు, ఏకాంతం అనుకుంటూ వెళ్ళినవాళ్ళకి ఆ మధ్యాహ్నం తిరుమల క్యూ గుర్తొస్తుంది. ఎలుగుబంట్లు మాత్రం నిరాశపరచవు. రాత్రి ఉండగలిగితే ఈ బాధ తప్పుతుంది, డే ట్రిప్పు విమానాలు వెళ్ళిపోయాక సాయంత్రం ప్లాట్‌ఫారం ఖాళీ అవుతుంది. కానీ లాడ్జి గదులకి లాటరీ వేస్తారు, చుట్టూ కరెంటు కంచె ఉన్న క్యాంప్‌గ్రౌండ్ బుకింగ్ జనవరిలో తెరవగానే జూలై రాత్రులు నిమిషాల్లో పోతాయి.

మేం డే ట్రిప్పే చేశాం. పొగమంచు వల్ల రెండున్నర గంటలు ఆలస్యంగా బయల్దేరాం, తిరిగొచ్చే టైము మాత్రం మారలేదు, పేరు రాయించి ఎదురుచూసింది పోను జలపాతం దగ్గర మాకు దక్కింది 35 నిమిషాలు. బాధపడ్డానా అంటే పడ్డాను. మళ్ళీ వెళ్తానా అంటే డే ట్రిప్పుగా మాత్రం వెళ్ళను.

లేక్ క్లార్క్ అందుకే గుర్తొస్తుంది. ఆంకరేజ్ నుంచి చిన్న విమానంలో గంట. రోడ్డు లేదు, ప్లాట్‌ఫారాలు లేవు, క్యూ లేదు. సముద్రం వైపు చినిట్నా బే, సిల్వర్ సామన్ క్రీక్ అనే చోట్ల విమానాలు ఇసుక మీదే దిగుతాయి. జూన్‌లో ఎలుగుబంట్లు ఆవుల్లా గడ్డి మేస్తుంటాయి, పోటు తగ్గాక బురదలో ఆల్చిప్పల్ని తవ్వుకుంటాయి. తల్లుల వెంట పిల్లలు కూడా కనిపిస్తాయి. జలపాతం సీను ఉండదు, ధర కూడా కాట్‌మై కన్నా పెద్ద చవకేం కాదు. కానీ మందలో నిలబడి చూసినట్టు అనిపించదు.

లోపలి వైపు పోర్ట్ ఆల్స్‌వర్త్ అనే చిన్న ఊళ్ళో పార్కు విజిటర్ సెంటర్ ఉంది. అక్కడి నుంచి తనాలియన్ జలపాతానికి నడక దారి ఉంది, రానూపోనూ సుమారు ఐదు మైళ్ళు. అలాస్కాలో విమానం మాత్రమే వెళ్ళే పార్కుల్లో ఇలా మనంతట మనం నడిచిపోగలిగే దారి ఉండటం అరుదు. ఇంకో విమానం ఖర్చు భరించగలిగితే ట్విన్ లేక్స్ దగ్గర రిచర్డ్ ప్రెన్నికీ చెక్క ఇల్లు చూడొచ్చు. ఆయన 1968లో చేతి పనిముట్లతో ఒక్కడే ఆ ఇల్లు కట్టుకున్నాడు, తలుపు బందులు కూడా చెక్కతో చెక్కినవే, దాదాపు 30 ఏళ్ళు అక్కడే గడిపాడు. ఇప్పుడు పార్కువాళ్ళు ఆ ఇంటిని కాపాడుతున్నారు.

సరే, రెండింట్లో ఏది? జీవితంలో ఒక్కసారే వెళ్తాం, ఆ జలపాతం ఫోటో కావాల్సిందే అంటే కాట్‌మై, అదీ ఒక రాత్రి ఉండేలా. ఫోటో పిచ్చి లేనివాళ్ళకి లేక్ క్లార్క్. జనం గోల పడనివాళ్ళు ఇద్దరు కలిసి వెళ్తే ఇంకా మంచిది.

గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్: చాలామంది వెళ్ళక్కర్లేదు

పార్కులన్నీ చుట్టేసి లెక్క పూర్తి చేయాలనుకునేవాళ్ళు దీని దగ్గరే ఆగిపోతారు. ఆర్కిటిక్ సర్కిల్‌కి పైన, 84 లక్షల ఎకరాలు, అందులో ఒక్క రోడ్డు లేదు, ఒక్క నడక దారి లేదు, క్యాంప్‌గ్రౌండ్ లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. అమెరికాలో అతి తక్కువమంది వెళ్ళే నేషనల్ పార్కుల్లో ఇది ఎప్పుడూ ఉంటుంది. నేల చూడటానికి పచ్చిక బయలులా ఉంటుంది, అడుగు పెడితే తెలుస్తుంది, గడ్డి దుబ్బులు బంతుల్లా ఊగుతుంటాయి, మధ్యలో నీళ్ళు. దాని మీద బరువు మోసుకుంటూ రోజుకి ఆరు మైళ్ళు నడిస్తే గొప్పే. నదులకి వంతెనలుండవు. ఇంతకుముందు నాలుగైదు రాత్రులు సామాను మోసుకుని అడవిలో గడిపిన అనుభవం, సొంతంగా మ్యాపు చూసి దారి పట్టగలిగే నేర్పు లేకపోతే గైడు లేకుండా వెళ్ళొద్దు. నేను వెళ్ళలేదు, నాకంత దమ్ము లేదని నాకు తెలుసు.

అయినా ఒకసారి అటు తొంగి చూడాలనిపిస్తే దారులున్నాయి. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి బెట్టిల్స్‌కి విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి ఇంకో చిన్న విమానంలో పార్కు మీదుగా తిరిగి, ఏదైనా సరస్సు మీద అరగంట దిగి వచ్చేయొచ్చు. అంతకన్నా తక్కువలో అంటే డాల్టన్ హైవే మీద కోల్డ్‌ఫుట్ దాకా. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి సుమారు 250 మైళ్ళు, చాలా భాగం కంకర, ఎదురుగా పెద్ద పెద్ద లారీలు. ఇక్కడా అద్దె కారు తిప్పలే, కాబట్టి చాలామంది వ్యాన్ టూర్‌లో వెళ్తారు. సొంతంగా వెళ్తే కోల్డ్‌ఫుట్‌లో పెట్రోలు నింపుకోకుండా ముందుకి కదలొద్దు, తర్వాతి బంకు 240 మైళ్ళ అవతల డెడ్‌హార్స్‌లో. కోల్డ్‌ఫుట్ విజిటర్ సెంటర్ వేసవిలోనే తెరుస్తారు, కానీ ఆ మారుమూల అంత చక్కటి భవనం, ఎగ్జిబిట్లు ఉంటాయని ఊహించం. పార్కులో అడుగు పెట్టకుండా స్టాంపు కొట్టించుకుంటే పార్కు చూసినట్టా కాదా అనే గొడవ మా స్నేహితుల్లో ఏళ్ళ తరబడి నడుస్తోంది. నా లెక్కలో కాదు.

మిగిలినవి

కీనై ఫియోర్డ్స్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది మారుమూల కాదు. ఆంకరేజ్ నుంచి సివార్డ్‌కి 127 మైళ్ళు, పడవ ఎక్కితే సముద్రంలోకి విరిగిపడే గ్లేసియర్లు, తిమింగలాలు. ఎగ్జిట్ గ్లేసియర్ దగ్గర మంచు ఏ ఏడాది ఎక్కడిదాకా ఉండేదో బోర్డులు పెట్టారు, నడుస్తూ అవి చదువుకుంటూ పోతే గుండె కాస్త బరువెక్కుతుంది. మిగతా పార్కులకి విమానాలు ఎగరని రోజు అక్కడికి వెళ్ళండి. గ్లేసియర్ బే జూనో వైపు ఉంది, క్రూయిజ్‌లో వెళ్ళేవాళ్ళలో చాలామందికి అది దారిలోనే తగులుతుంది. కోబుక్ వ్యాలీలో ఆర్కిటిక్ సర్కిల్‌కి పైన ఇసుక తిన్నెలున్నాయి, వినడానికి భలే ఉంటుంది, వెళ్ళడానికి గేట్స్ పార్కుకి అయినంత ఖర్చూ టెన్షనూ.

నెలల సంగతి. జూన్ మధ్య నుంచి జూలై చివరి దాకా దోమలు. మన ఊరి దోమల్ని చూశాం కదా అనుకోకండి, తల మీద వేసుకునే వల తప్పకుండా కొనండి. ఆగస్టులో దోమలు తగ్గి వానలు పెరుగుతాయి. ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో డెనాలి నేలంతా ఎర్రగా మారుతుంది, రాత్రులు చీకటి పడతాయి కాబట్టి ఫెయిర్‌బ్యాంక్స్ వైపు అరోరా, అంటే ఆకాశంలో రంగుల వెలుగులు, కనపడే అవకాశం కూడా ఉంటుంది. జూన్‌లో వెళ్ళి అరోరా కనపడలేదనేవాళ్ళూ ఉన్నారు, అర్ధరాత్రి కూడా వెలుతురుగా ఉంటే ఏం కనపడుతుంది? సెప్టెంబర్ మధ్యకి చాలా విజిటర్ సెంటర్లు, లాడ్జీలు మూసేస్తారు.

సామాను గురించి రెండు మాటలు. బేర్ స్ప్రేని, అంటే మీదికొచ్చే ఎలుగుబంటి మీద కొట్టే ఘాటు స్ప్రేని, మామూలు విమానాల్లో చేతి సంచిలోనూ, చెక్-ఇన్ లగేజీలోనూ రానివ్వరు. ఆంకరేజ్‌లో కొనుక్కోండి, తిరిగొచ్చేటప్పుడు ఎవరికైనా ఇచ్చేయండి. చిన్న విమానం ఎక్కేటప్పుడు అది మీ దగ్గరుందని పైలట్‌కి చెప్పాలి, క్యాబిన్ బయట పెడతారు. ఆ విమానాల్లో సామానుతో పాటు మనుషుల బరువు కూడా అడుగుతారు, కొన్ని చోట్ల తూకం మీద నిలబెడతారు. మా ఆవిడ తన అంకె చెప్పేటప్పుడు నన్ను పది అడుగుల అవతలికి వెళ్ళమంది. సిగ్గుపడి తక్కువ చెప్పకండి, దాన్ని బట్టే ఇంధనం లెక్క వేస్తారు. చక్రాల సూట్‌కేసులు వద్దు, మెత్తటి సంచులైతే ఎక్కడైనా కుక్కుతారు.

విమానం కంపెనీ ఏది మంచిదని రేంజర్లని అడిగితే పేరు చెప్పరు, చెప్పకూడదు. కానీ అనుమతి ఉన్న కంపెనీల జాబితా ఇస్తారు. రేంజర్లని అడగాల్సినవి వేరే ఉన్నాయి: పోయిన ఏడాది ఇదే వారంలో ఎన్ని రోజులు విమానాలు ఆగిపోయాయి, నదుల్లో నీళ్ళు ఎలా ఉంటాయి, మెకార్తీ రోడ్డు ఈ మధ్య గ్రేడర్‌తో చదును చేశారా, 70 ఏళ్ళ మనిషి ఆ దారిలో నడవగలరా. మా నాన్న గురించి నేను ఈ చివరి ప్రశ్న అడిగితే అవతలి రేంజరమ్మ వయసు పట్టించుకోకుండా "ఆయన రోజూ ఎంత నడుస్తారు, మెట్లు ఎక్కుతారా" అని అడిగింది. ఆ రెండిటికీ జవాబు చెప్పాక ఆవిడే రూట్ గ్లేసియర్ వద్దని, మిల్లు దాకా వ్యాన్‌లో వెళ్ళి చుట్టూ ఊళ్ళో తిరగమని చెప్పింది.

మా తర్వాతి ట్రిప్పు సెప్టెంబర్ మొదటి వారం అనుకుంటున్నాం. పోర్ట్ ఆల్స్‌వర్త్‌లో మూడు రాత్రులు, దాని వెనక ఆంకరేజ్‌లో ఏమీ బుక్ చేయని రెండు రోజులు. ఆ రెండు రోజులకి హోటల్ డబ్బు దండగ కదా అని ఇంట్లో ఇప్పటికే గొడవ మొదలైంది.